‘తూర్పున సంపాదించి…’

చాన్నాళ్ళకు రాస్తున్న టపా ఇది. ఇంగ్లండు వెళ్ళివచ్చానని తెలిసిన మిత్రులు యాత్రాకథనం రాయమని వేగులు పంపారు. ఇది యాత్రాకథనం కాదు, ఒక ఫిర్యాదు. ఫొటోల కోసం వచ్చినవారు నన్ను మన్నించాలి. తీసిన ఫొటోలన్నీ మేనల్లుడి దగ్గరే ఉండిపోయాయి.

లండనులో ఉద్యోగం చేస్తున్న ఆ మేనల్లుడే నా షష్టిపూర్తికి ఒక కానుక ఇచ్చాడు. ఒక పల్లెసీమలో రెండున్నర శతాబ్దాల నాటి దివాణం ఉంది, ఇప్పుడది ఖరీదైన హోటలు. అందులో మా దంపతులకు రెండు రాత్రుల బస, రెండు పూటల విందు ఏర్పాటుచేసి తానే కారులో తీసుకువెళ్ళాడు. ఆ హోటలు పేరూ ఊరూ చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, అలాంటివి ఆ దేశంలో చాలా ఉన్నాయి.

ముందుగా మంచి మాట చెప్పడం మర్యాద. గేటు నుంచి ఇంటి దాకా కంకర దారి, దానికి అటూ ఇటూ ముసలి లైమ్ చెట్లు, మలుపు తిరగగానే తేనెరంగు రాతి భవనం. ఆ దృశ్యానికి మనసు కదలలేదంటే అబద్ధం. పడకగది మా ఇల్లంత ఉంది. సిబ్బంది మర్యాదలో లోపం లేదు. శాకాహారులమని ముందే చెప్పినందుకు మా కోసం ప్రత్యేకంగా వండి వడ్డించారు, రుచి కూడా బాగుంది. సాయంత్రం మూడంతస్తుల పళ్ళెంలో వచ్చిన స్కోన్లనూ మీగడనూ మా ఆవిడ ఇప్పటికీ తలచుకొంటోంది. ఇందులో దేనిమీదా నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు గదిలోని బల్లమీద పెట్టిన చిన్న పుస్తకం గురించి. నున్నటి కాగితం మీద ఆ భవనం చరిత్రను అచ్చువేశారు. మెట్లకు వాడిన కలప ఏ అడవిది, ఏ రాకుమారుడు ఎప్పుడు భోంచేశాడు, తోటలో ఏ చెట్టును ఎవరు నాటారు, ఏ సినిమా ఇక్కడ తీశారు, అన్నీ వివరంగా ఉన్నాయి. ఇల్లు కట్టినవాడి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం. ఆయన ‘తూర్పున సంపాదించి’ స్వదేశానికి తిరిగివచ్చి ఈ ఎస్టేటు కొన్నాడట. అంతే. మెట్ల కలపకు ఒక పేరా దక్కింది, డబ్బుకు దక్కినవి రెండు మాటలు.

మరునాడు పదకొండు గంటలకు అతిథులకు ఇల్లు చూపించే కార్యక్రమం ఉంది. చూపించే ఆయనను వినయంగానే అడిగాను, “తూర్పున అంటే ఎక్కడండీ? ఏం చేసి సంపాదించాడు?” అని. ఆయన నవ్వి “వాణిజ్యమండీ” అని, వెంటనే పైకప్పు మీది సున్నపు పూలపనిని చూడమన్నాడు. మేం తొమ్మిదిమందిమీ తలలెత్తి పైకప్పు చూశాం.

ఆ ‘సంపాదించి’ అన్న క్రియాపదం లోపల ఏముందో కాస్త విప్పి చూద్దాం. ఈ దివాణం యజమాని సంగతి నాకు తెలియనివ్వలేదు కనుక, చరిత్రకెక్కిన ఇద్దరి ఉదాహరణలు చెబుతాను. ఇద్దరూ మద్రాసు గవర్నర్లే. ఇద్దరి కథా తెలుగునేల మీదుగానే నడుస్తుంది.

మొదటివాడు థామస్ పిట్. ఈయన మద్రాసు గవర్నరుగా ఉండగా జమ్‌చంద్ అనే వ్యాపారి నుంచి 410 క్యారెట్ల ముడి వజ్రాన్ని బేరమాడి 48,000 వరహాలకు కొన్నాడు, అంటే అప్పటి లెక్కలో సుమారు 20,400 పౌన్లు. అది కృష్ణాతీరాన ఉన్న కొల్లూరు గనిదని ప్రసిద్ధి. లండనులో సానబట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. అదే ‘రీజెంట్’ వజ్రం, నేడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ అమ్మకం జరిగిన 1717లోనే పిట్ కార్న్‌వాల్‌లో బొకొనక్ అనే పెద్ద ఎస్టేటు కొన్నాడు. ఓల్డ్ సేరమ్ అనే, పట్టుమని పదిమంది ఓటర్లు లేని నియోజకవర్గం ఆ కుటుంబం గుప్పిట్లో ఉండేది. 1735లో ఆయన మనవడు అక్కడినుంచే పార్లమెంటుకు వెళ్ళాడు, తరువాత ప్రధాని అయ్యాడు. మునిమనవడు 24 ఏళ్ళకే, 1783లో, ప్రధాని అయ్యాడు. మన పాఠ్యపుస్తకాల్లో బట్టీపట్టిన 1784 నాటి ‘పిట్స్ ఇండియా చట్టం’ ఆ మునిమనవడిదే. మన నేలలో దొరికిన రాయి ఒక దివాణమై, ఆ దివాణం పలుకుబడి అయి, ఆ పలుకుబడి చట్టమై మన నెత్తికే వచ్చింది.

పిట్ దొంగిలించాడని నేను అనడం లేదు. కొన్నాడు, అమ్మాడు. మరి గని తవ్వినవాడి మాటేమిటి? పిట్‌కు అర్ధశతాబ్దం ముందు తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఈ ప్రాంతాలన్నీ తిరిగాడు. కొల్లూరులో ఆడా మగా పిల్లలూ కలిపి అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. రావల్కొండ అని తాను పిలిచిన మరో దక్కను గనిలో, పనిలో ఆరితేరిన మనిషికి కూడా ఏడాదికి దక్కేది మూడు వరహాలే అని రాశాడు. ఆ కూలి లెక్కన చూస్తే 48,000 వరహాలంటే పదహారు వేలమంది మనుషుల ఏడాది జీతం. రాయి అసలు ఖరీదు అది. లాభం సంగతి వేరే.

ఇక ఆ కొల్లూరు ఇప్పుడెలా ఉందంటారా? నేటి పల్నాడు జిల్లాలో, పులిచింతల జలాశయం కింద మునిగి ఉంది. అక్కడికి వెళ్ళి చూడటానికి ఏమీ లేదు, నీళ్ళు తప్ప. బొకొనక్ ఎస్టేటులో మాత్రం పెళ్ళిళ్ళు జరుగుతాయి.

రెండవవాడు సర్ థామస్ రంబోల్డ్, 1778లో మద్రాసు గవర్నరు అయ్యాడు. అప్పటికి ఉత్తర సర్కారులు, అంటే మన గంజాం నుంచి కృష్ణ దాకా ఉన్న తీరం, కంపెనీ చేతికి వచ్చి పుష్కరకాలమైంది. అక్కడి శిస్తుల స్థితిగతులను ఊరూరా విచారించడానికి ఒక సర్క్యూట్ కమిటీ పనిచేస్తూ ఉండేది. రంబోల్డ్ వచ్చీరాగానే దాన్ని రద్దుచేసి, జమీందార్లందరూ మద్రాసుకే వచ్చి తనతో ఒప్పందాలు చేసుకోవాలని తాఖీదు పంపాడు. వందల మైళ్ళు దాటి, అప్పులు చేసి, వాళ్ళు మద్రాసు చేరారు. విజయనగరం సోదరుల తగవులో సీతారామరాజు పక్షం వహించి లంచాలు తీసుకొన్నాడన్న ఆరోపణ రంబోల్డ్ మీద వచ్చింది. 1780లో ఇంటికి వెళ్ళిపోయాడు. 1781లో కంపెనీ డైరెక్టర్లు ఆయనను బర్తరఫ్ చేశారు. పార్లమెంటులో శిక్షాబిల్లు పెట్టారు, అది చివరకు గాలికి పోయింది. ఆయనకు శిక్ష పడలేదు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో థామస్ లెవర్టన్ అనే వాస్తుశిల్పి చేత కట్టించుకొన్న వుడ్‌హాల్ పార్క్ అనే దివాణం మాత్రం నిలిచింది. దాన్ని తరువాత పాల్ బెన్‌ఫీల్డ్ కొన్నాడు. ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి, ఆ అప్పుల పేరిట రాజ్యాల శిస్తులకే ఎసరుపెట్టినవాడు ఆయన. ఒక నబాబు ఇల్లు మరొక నబాబు చేతికి వెళ్ళిందన్నమాట. ‘నవాబు’ అన్న మన మాటను ‘నేబాబ్’గా మార్చి, ఇలా డబ్బు చేసుకొని తిరిగివచ్చినవాళ్ళను ఆ దేశస్థులే ఎగతాళి చేసేవారు. 1772లో శామ్యూల్ ఫుట్ ఆ పేరుతో నాటకమే ఆడించాడు. అంటే ‘తూర్పున సంపాదించి’ అన్న మాటకు అర్థం ఏమిటో ఆనాటి ఇంగ్లీషువాడికి బాగా తెలుసు. తెలియనట్టు నటించడం మనకాలం నేర్చిన విద్య.

ఇప్పుడు మళ్ళీ నా పడకగదికి రండి. కిటికీలకు పూలతెరలు, కుర్చీలకు పూలగుడ్డ. ‘అచ్చమైన ఆంగ్ల గ్రామీణ అలంకరణ’ అని చిన్న పుస్తకం మురిసిపోయింది. ఆ గుడ్డను వాళ్ళు ‘చింట్జ్’ అంటారు, మన ‘ఛీంటు’ అన్న మాటే. కోరమాండల్ తీరంలో, మన మచిలీపట్నం పరిసరాల్లో, అద్దకం వేసి ఓడలకెత్తిన గుడ్డకు వాళ్ళు అలవాటుపడిన ఫలితం అది. 1611లోనే కంపెనీ బందరులో కొట్టు పెట్టింది. మన గుడ్డ ధాటికి తమ నేతగాళ్ళు తట్టుకోలేకపోతే, 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన మరో చట్టం చేసి, అద్దకపు నూలుబట్టను ఒంటిమీదా ఇంటిలోనా కూడా వాడకూడదన్నారు. తమ మిల్లులు ఆ పని నేర్చుకొన్నాక, 1774లో నిషేధం ఎత్తేశారు. ఆ తరువాత ఆ పువ్వు ఆంగ్లపుష్పం అయిపోయింది. పెడనలో నేటికీ చెక్క అచ్చులు కొడుతున్న మనిషి ఈ గది ఫొటో చూస్తే తన తాతముత్తాతల పనిని గుర్తుపడతాడు. పుస్తకంలో మాత్రం బందరు పేరు లేదు.

ఉదయం ఫలహారపు బల్లమీద ‘కెజరీ’ ఉంది. మన కిచిడీలో పొగబెట్టిన చేపనూ కోడిగుడ్డునూ కలిపితే అది. రాత్రి పట్టికలో ‘మలిగటానీ’ సూపు ఉంది. తమిళుల మిళగు తణ్ణీర్, మన మిరియాల చారు. ‘ఈ ఇంటి సంప్రదాయ వంటకాలు’ అని వాటికి శీర్షిక. ఒప్పుకొంటాను, సంప్రదాయమే. ఎవరి చేతి వంట తిని ఈ ఇంటికి ఆ సంప్రదాయం అబ్బిందో కూడా రాస్తే బాగుండేది.

ఇదంతా భోజనాల దగ్గర అంటూ ఉంటే మేనల్లుడు నొచ్చుకొన్నాడు. అతడి వాదం తేలికగా కొట్టిపారేసేది కాదు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “మామయ్యా, ఒకప్పుడు వీళ్ళకు మనవాళ్ళు పంకా లాగారు. ఇవాళ వీళ్ళు వడ్డిస్తుంటే మనం కూర్చుని తింటున్నాం. ఇంతకంటే పెద్ద జవాబు ఏముంటుంది? మీరు కాసేపు ఆనందంగా ఉండకూడదా?” అన్నాడు.

నాయనా, నీ ప్రేమ నాకు తెలుసు. కానీ నాకు వడ్డించిన అమ్మాయి తూర్పు యూరపు నుంచి వచ్చి, ఇంటికి డబ్బు పంపుకొంటున్న పిల్ల. మన పూర్వులకు ఆమె బాకీ లేదు. ఆమె చేత వడ్డించుకొంటే కొల్లూరు గని కూలివాడికి ఏం చెల్లినట్టు? కుర్చీ మారడం వేరు, లెక్క తేలడం వేరు. డబ్బు ఉన్న ఎవరికైనా ఆ కుర్చీ దొరుకుతుంది, దివాణం ఎప్పుడూ అలాగే నడిచింది. మనం కూడా అందులో కూర్చున్నాం కాబట్టి ఇక ప్రశ్న అనవసరం అంటే, డబ్బుకు పుట్టుక అడగకూడదన్న వాళ్ళ సూత్రాన్నే మనమూ ఒప్పుకొన్నట్టు.

మరొక వాదం ఉంది, మన బ్లాగుల్లోనూ తరచు చూస్తుంటాను. “చరిత్ర చరిత్రే, అందాన్ని అందంగా చూడండి, అన్నింట్లోకీ రాజకీయం లాగకండి” అని. చరిత్రను లాగింది నేను కాదు. హోటలే లాగింది. అదే చరిత్ర పేరు చెప్పి, మామూలు హోటలు కంటే ఎన్నో రెట్లు అద్దె తీసుకొంది. రాకుమారుడి భోజనం చరిత్ర అయినప్పుడు, ఆ భోజనానికి ఎవరు చెల్లించారన్నదీ చరిత్రే. సరుకు అమ్మినవాడు సగం తూచి ఇస్తే మిగతా సగం అడగడం రాజకీయమా?

అలాగని ఈ ఇళ్ళను కూల్చాలని కోరేవాళ్ళతో కూడా నేను లేను. 1870ల తరువాత వ్యవసాయం దెబ్బతిని, 1894లో మరణానంతర ఆస్తిపన్ను వచ్చి, రెండు ప్రపంచయుద్ధాలు ముగిసేసరికి ఈ దివాణాలు వందలకొద్దీ నేలమట్టమయ్యాయి. 1974లో లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ విధ్వంసం మీద ఒక ప్రదర్శన పెట్టి దేశాన్ని కుదిపింది. మిగిలినవాటిలో కొన్నింటిని హోటళ్ళుగా మార్చడం వల్లనే పైకప్పులు నిలిచాయి. క్లివ్‌డెన్ సంగతి చూడండి. 1740లో ‘రూల్ బ్రిటానియా’ పాటను మొట్టమొదట పాడింది ఆ తోటలోనే. ఇప్పుడా ఎస్టేటు నేషనల్ ట్రస్టుది, భవనం హోటలు. రాళ్ళు చెక్కినవాడి పనితనం గొప్పది. ఆ రాయి నిలవాల్సిందే. నిలిచిన రాయి సాక్ష్యం చెప్పాలన్నదే నా కోరిక.

అలా సాక్ష్యం చెప్పిద్దామని చూసినవాళ్ళకు ఏమైందో కూడా తెలుసుకోండి. 2020 సెప్టెంబరులో నేషనల్ ట్రస్టు ఒక నివేదిక వెలువరించింది. తన ఆధీనంలోని 93 స్థలాలకు బానిసల వ్యాపారంతోనో వలసపాలనతోనో ఉన్న సంబంధాలను అందులో చెప్పింది. చెప్పినందుకే పత్రికల్లోనూ పార్లమెంటులోనూ దుమారం రేగింది. దేశాన్ని అవమానించారన్నారు, సభ్యత్వాలు మానుకొంటామన్నారు. ఒక సంస్థ తన దస్తావేజులు తానే తెరిచి చదివితే ఇంత కోపం రావడం చూస్తే, ఆ రెండు మాటల ‘సంపాదించి’ ఎంత బరువు మోస్తోందో అర్థమవుతుంది.

ఆ దేశపు పేదలకు కూడా ఈ లెక్కలో వాటా ఉంది. భవనం ముందు పచ్చిక ఎడతెగకుండా దిగంతం దాకా పరుచుకొన్నట్టు కనిపిస్తుంది. దగ్గరికి వెళితే మధ్యలో లోతైన కందకం, దాని ఒకవైపు గోడ. దాన్ని ‘హా-హా’ అంటారు. పశువులు తోటలోకి రాకూడదు, అలాగని దొరగారి కంటికి కంచె కనిపించకూడదు, అందుకని నేలలో దించిన గోడ అది. దివాణం కంటికి అడ్డమని ఊళ్ళకు ఊళ్ళే జరిపిన ఘనతా ఉంది. 18వ శతాబ్దంలో న్యూన్‌హమ్ కోర్ట్నీలో హార్‌కోర్ట్ ప్రభువు, మిల్టన్ ఆబస్‌లో మిల్టన్ ప్రభువు తమ ఉద్యానాల కోసం పాత ఊళ్ళను ఎత్తివేసి వేరేచోట కట్టించారు. కనుక ఇది తెల్లవాళ్ళకూ మనకూ మధ్య తగవు మాత్రమే కాదు. తవ్వినవాడికీ, నేసినవాడికీ, దున్నినవాడికీ పేరు లేకుండా చేసే అలవాటుతో తగవు.

ఆ అలవాటు మనకు లేదా? ఇక్కడే నా గొంతు కాస్త తగ్గుతుంది. హైదరాబాదులో ఫలక్‌నుమాను 2010లో హోటలుగా తెరిచారు. నూటొక్కమంది కూర్చునే భోజనపు బల్ల గురించి చెప్పనివాళ్ళు లేరు. ఆ బల్లమీదికి వచ్చిన గింజ ఏ జాగీరు నుంచి, ఏ రైతు శిస్తు నుంచి వచ్చిందని అడిగిన టపా నేను ఒక్కటీ చదవలేదు. తెలంగాణలో గడీల గోడలు చూసి ‘ఎంత కళ!’ అనేవాళ్ళం, ఆ గోడల వెనుక వెట్టి చేసినవాళ్ళ మనవలు ఇంకా అదే ఊళ్ళో ఉన్నారని మరిచిపోతాం.

అంత దూరం కూడా పోనక్కరలేదు. మా తాతగారి మండువా లోగిలి గురించి ఈ బ్లాగులోనే మురిసిపోతూ రాశాను. దూలాల నగిషీ, వానాకాలం మండువాలో పడే ధార, నాయనమ్మ ఆవకాయ జాడీలు, అన్నీ రాశాను. చాలామంది మెచ్చుకొన్నారు. పెరటి వసారాలో విడిగా బోర్లించి ఉండే పాలేరు సత్తుపళ్ళెం గురించి రాయలేదు. అతడు మా ఇంట్లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. మండువాలోకి అడుగుపెట్టడం నేను చూడలేదు. ఆ టపా రాసేటప్పుడు పళ్ళెం నాకు గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. రాస్తే అందం చెడుతుందని వదిలేశాను. పైకప్పు చూడమన్న ఆ హోటలాయన చేసిందీ అదే పని. నా టపాను ఇప్పుడు సవరిస్తున్నాను, ఆ పళ్ళెం అందులో చేరుతుంది.

కనుక నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఇలాంటి దివాణాలకు వెళ్ళవద్దని చెప్పను. వెళ్ళండి, తినండి, పడుకోండి. కానీ చరిత్ర పుస్తకం చేతికిచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ డబ్బు ఏ ఊరి నుంచి వచ్చింది? ఈ ఇంట్లో పనిచేసినవాళ్ళ పేర్లు ఎక్కడ? ఈ గుడ్డ, ఈ వంట, ఈ రాయి ఎవరి చేతిలో పుట్టాయి? జవాబు రాకపోతే రాలేదని రాయండి. ‘సంస్కారమంటే వాళ్ళది’ అని తిరిగివచ్చి టపా కట్టేముందు ఆ మాట కూడా చేర్చండి. ఒక్కరు అడిగితే చాదస్తం అంటారు. వందమంది అడిగితే పుస్తకం తిరిగి అచ్చువేస్తారు.

నేను ఖాళీ చేసేటప్పుడు అభిప్రాయాల కాగితం ఇచ్చారు. భోజనం, పరుపు, మర్యాద, అన్నింటికీ అయిదుకు అయిదు వేశాను. కింద ఖాళీలో, ‘తూర్పున సంపాదించి అన్నచోట దయచేసి ఊరి పేరు, పని పేరు చేర్చండి’ అని రాశాను. పదిరోజులకు జవాబు వచ్చింది. నా అభిప్రాయం వారికి ఎంతో విలువైనదట. మరోసారి వస్తే అద్దెలో పదిశాతం తగ్గిస్తారట.

పుస్తకం సంగతి అందులో లేదు. జవాబుగా మళ్ళీ అదే ప్రశ్న రాసి పంపాను.